సొంతదారు లేరు

పడవ దిగి రేవులో ఎవరినడిగినా మ్యూజియం చూపిస్తారు. చూపించడానికి ఆ దీవిలో వేరే ఏమీ లేదు కూడా. ఒకప్పుడది ఉప్పు గిడ్డంగి. మందపాటి గోడలు, చిన్న కిటికీలు, ఒక్కటే తలుపు. లోపల ఆరు చెక్క అలమరలు, ఒక బల్ల, ఒక ఇనప పొయ్యి, గోడకి టెలిఫోను. ఎంత తుడిచినా గచ్చు మీద సాయంత్రానికి తెల్లటి ఉప్పు పొర తేలేది. మండు వేసవిలో కూడా తడి వాసన పోయేది కాదు.

పొద్దున తొమ్మిదికి తలుపు తీసి, సాయంత్రం అయిదుకి తాళం వేసే మనిషిని ఊళ్ళో అందరూ కార్డులమ్మ అనేవాళ్ళు. ఆ మూడు వందల గడపలో ఆమె అసలు పేరు ఉత్తరాలు పంచే మనిషికి తప్ప ఎవరికీ అక్కర్లేకపోయింది. భర్త సరుకుల ఓడ మీద పనిచేస్తాడు, ఏడాదికోసారి వస్తాడు. ఉన్నది ఒక్కతే కూతురు, ఏడేళ్ళది. గొంతు సన్నగా ఉంటుందని దాన్ని గువ్వ అంటారు. బడి వదలగానే నేరుగా మ్యూజియానికి వచ్చి, బల్ల కింద దూరి బొమ్మలు గీసుకునేది. తల్లి కళ్ళు రోజంతా అలమరల మీద ఉన్నట్టే ఉండేవి గానీ, చెవి మాత్రం ఆ బల్ల కిందే ఉండేది.

ఆమెకి ఆ పేరు ఊరికే రాలేదు. మ్యూజియంలో ప్రతి వస్తువుకీ ఒక కార్డు ఉండాలి. సంఖ్య, వస్తువు, కొలతలు, గుర్తులు, ఎక్కడ దొరికింది, సొంతదారు, సంతకాలు... ఏ గడీ ఖాళీగా వదలకూడదు. అదే సంఖ్యను సన్న కుంచెతో, నల్ల సిరాతో వస్తువు అడుగున రాసి, పైన వార్నిషు పూయాలి. చూడవచ్చినవాళ్ళ కంట పడకూడదు, కానీ చెరిగిపోనూ కూడదు. ఒకసారి ఇచ్చిన సంఖ్యను మళ్ళీ వెనక్కి తీసుకోవడానికి లేదు. కార్డు మీద ఒక్క అక్షరం మార్చాలన్నా రెండు సంతకాలు పడాలి: ఆమెది, మ్యూజియం నడిపే సంఘం అధ్యక్షుడిది. పదకొండేళ్ళుగా ఆమె ఈ పని చేస్తోంది. ఒక కొలత తప్పని ఎవరూ వేలు పెట్టి చూపించలేదు.

ఆ అధ్యక్షుడు పరాయివాడేం కాదు, సొంత అక్క మొగుడు. బడి పంతులు. పిల్లల్ని కొట్టడు గానీ మాటల్తో చక్కిలిగింతలు పెట్టి చంపుతాడు. నెల మొదట్లో అవతలి ఒడ్డు ఆఫీసు నుంచి వచ్చిన ఉత్తరాన్ని ఆయనే చదివి వినిపించాడు. నాలుగు వందల వస్తువులున్న మ్యూజియాలకి గుర్తింపు ఇస్తారట. అంతకంటే తక్కువుంటే ఉన్నవన్నీ పెట్టెల్లో సర్ది అవతలి ఒడ్డు గోదాముకి తరలిస్తారట. తనిఖీ ఇరవై మూడో తేదీన.

దీవి మ్యూజియంలో ఉన్నవి మూడు వందల తొంభై ఏడు.

ఊరు ఊరంతా అటకలు దులిపింది. వల అల్లే సూదులు, ఓడ గంట, తుప్పు పట్టిన లాంతర్లు, ఎప్పుడో చనిపోయిన తాతల దిక్సూచులు, ఇవ్వగలిగినవన్నీ ఎప్పుడో ఇచ్చేశారు. ఇంకొక్కటి లేదు.

కార్డులు పూర్తిచేయాల్సిన సాయంత్రం వాన పడుతోంది. బల్ల చుట్టూ నలుగురు. కార్డులమ్మ, బావ, గువ్వ, లైటు తాత. ఈ తాత నలభై ఏళ్ళు దీపస్తంభంలో దీపం వెలిగించినవాడు. దానంతట అది వెలిగే దీపం వచ్చాక ఆయనకి పని పోయింది, పాత దీపం మ్యూజియానికి వచ్చింది, దాని వెనకే ఆయనా వచ్చాడు. రోజూ పొయ్యి పక్కన కూర్చుని, వచ్చినవాళ్ళకి తన దీపం కథ చెప్పేవాడు. చెప్పిన ప్రతిసారీ అందులోని తుఫాను ఒక బారెడు పెరిగేది.

"మూడే కదా మరదలా," అన్నాడు బావ. "మూడు కార్డులు రాసి పడెయ్. కొంప మునగదు."

వస్తువు లేకుండా ఎలా రాయడమంది ఆమె. తనిఖీవాళ్ళు అన్నీ చూడరని, పది పదిహేను తీసి చూసి టీ తాగి పోతారని ఆయన నచ్చజెప్పాడు. మ్యూజియం పోతే ఆమె పని పోతుంది, ఆ తర్వాత వారానికి రెండు పడవలు ఒకటవుతాయి, ఆ తర్వాత బడి. ఆ లెక్క ఆమెకీ తెలుసు. ఒప్పుకుంది. కలం తీసింది. కానీ కలం కదల్లేదు. పదకొండేళ్ళ అలవాటు, ఎదుట వస్తువు లేకపోతే ఆమె చేతికి అంకె రాదు. చివరికి సొరుగులోంచి టేపు తీసింది.

బావ పగలబడి నవ్వాడు. "అబద్ధం చెప్పడానికి కూడా దర్జీలా టేపు పట్టుకునే మనిషిని నిన్నే చూశాను."

బల్లకి ఆనించి ఉన్న తాత చేతికర్రను కొలిచింది. తొంభై ఒక్క సెంటీమీటర్లు, పిడి దగ్గర చీలిక, చీలికకి దారం చుట్టు. మూడు వందల తొంభై ఎనిమిది. బావ ముందున్న కళ్ళద్దాల డబ్బా కొలిచింది. రేకు, పదహారు సెంటీమీటర్లు, మూత మీద నొక్కు. తొంభై తొమ్మిది. మూడోదానికి చుట్టూ చూస్తే ఇంకేమీ కనబడలేదు. గువ్వ వేసుకున్న నీలం ఉన్ని కోటు కనబడింది. చలిగా ఉందని పిల్ల విప్పనంది. విప్పకుండానే కొలిచింది. భుజం నుంచి అంచు దాకా అరవై ఒకటి, మూడో బొత్తాం వేరే రంగు. టేపు తగిలినప్పుడల్లా పిల్ల మెలికలు తిరిగి నవ్వింది.

నాలుగు వందలు.

ఎక్కడ దొరికిందన్న గడిలో మూడింటికీ 'ఒడ్డుకి కొట్టుకొచ్చింది' అని రాసింది. సొంతదారు గడి దగ్గర ఆగింది. ఉన్నారని రాస్తే ఒప్పుకోలు పత్రం పెట్టాలి, వాళ్ళ సంతకం పెట్టాలి. లేరని రాస్తే ఏ తంటా లేదు, అడిగేవాడు ఉండడు. బావ అదే రాయమన్నాడు. ఆమె రాసింది. లేరు. లేరు. లేరు.

"లేని వస్తువుకి లేని సొంతదారు," అన్నాడు బావ సంతకాలు పెడుతూ. "ఈడూ జోడూ కుదిరింది."

లైటు తాత బోసినోటితో నవ్వి, "నా కర్ర నువ్వు కాజేసి, నన్నే లేకుండా చేశావు కదే" అన్నాడు.

మర్నాటి పడవలో నకళ్ళు అవతలి ఒడ్డుకి వెళ్ళాయి.

*

పదో రోజు, మంగళవారం పొద్దున, ఆమె తాళం తీసి లోపలికి వెళ్ళింది. ఆరో అలమరలో ఆ మూడింటి కోసం వదిలిన ఖాళీల్లో మొదటి దాంట్లో చేతికర్ర ఉంది.

తాత మర్చిపోయి వెళ్ళాడనుకుంది. ఎత్తగానే చేతులు తడిశాయి. కర్ర నానిపోయి ఉంది. దారం చుట్టులో ఇసుక, ఒక నాచు పోగు. అడుగు తిప్పి చూసింది. సన్నటి నల్లటి అంకెలు: 398. పైన వార్నిషు. ఆరిపోయిన వార్నిషు, అది ఆరడానికి ఒక పూట పడుతుంది. తొమ్మిదికి తోక కొంచెం లోపలికి వంచి రాయడం దీవిలో ఒక్కరికే అలవాటు. అది ఆమె దస్తూరి.

ఆమె రాయలేదు.

తాత గది రేవు వెనక సందులో ఉంది. తలుపు చేరవేసి ఉంది. దుప్పటి మడత పెట్టి ఉంది. పొయ్యి మీద గిన్నెలో నీళ్ళు ఇంకా గోరువెచ్చగా ఉన్నాయి. తాత లేడు.

మూడు రోజులు వెతికారు. పడవలు దీవి చుట్టూ తిరిగాయి. ఎనభై దాటిన మనిషి, చెప్పకుండా పొద్దున్నే రాళ్ళ మీదకి వెళ్ళి ఉంటాడని, జారి ఉంటాడని అందరూ తీర్మానించుకున్నారు. కార్డులమ్మ బావని పక్కకి పిలిచి కర్ర చూపించింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. దుఃఖంలో నువ్వే రాసి ఉంటావన్నాడు. తాళంచెవి ఒక్కటే కదా, నీ నడుముకే ఉంటుంది కదా అన్నాడు. ఆ రోజు మాత్రం ఆయన పరిహాసమాడలేదు. వెళ్తూ వెళ్తూ జేబు తడుముకుని కళ్ళద్దాల డబ్బా ఉందో లేదో చూసుకున్నాడు. అది ఆమె చూసింది. తను చూసినట్టు ఆయనకి తెలియనివ్వలేదు.

*

ఇరవై మూడో తేదీ పొద్దున దీవిని పొగమంచు కప్పేసింది. మామూలు మంచు కాదు. చెయ్యి చాపితే వేళ్ళు కనబడవు. రేవులో గంట కొడుతున్నారు, వచ్చే పడవకి దారి తెలియడానికి. గంట ఒకసారి ఎడమనుంచి, ఒకసారి వెనకనుంచి వినబడుతోంది. గాలిలో నాచు వాసన, కుళ్ళిన తాడు వాసన.

తొమ్మిదికి తాళం తీసింది. లైటు వేసింది. చూడకూడదనుకుంటూనే ఆరో అలమర వైపు చూసింది.

రెండో ఖాళీలో రేకు డబ్బా ఉంది.

మూత తెరిస్తే లోపలినుంచి నీళ్ళు కారాయి. నీళ్ళలో కళ్ళద్దాలు. డబ్బా అడుగున 399.

డబ్బా చేతిలోనే పట్టుకుని పరిగెత్తింది. అక్క గుమ్మంలో నిలబడి ఉంది. అరగంట క్రితమే రేవుకి బయల్దేరాడని, తనిఖీ ఆయనకి ఎదురెళ్తున్నానన్నాడని చెప్పింది. రేవులో గంట కొడుతున్న మనిషిని అడిగితే పంతులు ఇటు రాలేదన్నాడు. ఇంటికీ రేవుకీ మధ్య రెండు వందల అడుగులు, ఒకటే దారి, ఒక పక్క గోడ.

ఇక ఆమె ఎవరినీ ఏమీ అడగలేదు. బడికి వెళ్ళింది. పంతులు రాని తరగతిలో పిల్లలు గోల చేస్తున్నారు. గువ్వ కిటికీ దగ్గర కోటు వేసుకుని కూర్చుని ఉంది. చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. దారంతా గట్టిగా పట్టుకుంది. మంచులో పిల్ల మొహం కనబడలేదు గానీ, అరచేతిలో చెయ్యి ఉంది, వెచ్చగా ఉంది. అది చాలనుకుంది.

ఇంటికి కాదు, మ్యూజియానికే తెచ్చింది. కార్డు అక్కడుంది కాబట్టి.

ముందు కోటు విప్పించి పొయ్యిలో వేసింది. పొడి ఉన్ని. అయినా తడి కట్టెలా చిటచిటలాడింది, అంటుకోలేదు. కిరసనాయిలు పోసింది. చాలాసేపటికి కాలింది. గదంతా కాలిన జుట్టు వాసన, దాని వెనక సముద్రం వాసన. తర్వాత నాలుగు వందలవ కార్డు తీసింది. 'లేరు' కొట్టేసి 'ఉన్నారు' అని రాయబోయింది. కలం నడిచింది, సిరా అంటలేదు. నూనె కాగితం మీద నీటిబొట్టులా పక్కకి జారిపోయింది. మూడు కలాలు మార్చింది.

అప్పుడు ఆఫీసుకి ఫోను చేసింది.

అవతల గుమాస్తా ఎవరో మర్యాదస్తుడు. సంఖ్య అడిగి, నకలు తీసి చూసుకున్నాడు. సొంతదారు ఉన్నారని దిద్దాలని ఆమె చెప్పింది. దిద్దవచ్చని, అధ్యక్షుడి సంతకంతో ఒక ఉత్తరం పంపితే చాలని ఆయన చెప్పాడు. అధ్యక్షుడు కనబడటం లేదంది. అయితే కొత్తాయన్ని ఎన్నుకున్నాక పంపమన్నాడు, తొందరేం లేదన్నాడు.

ఆమె గొంతు తగ్గించింది. పిల్ల బల్ల కింద ఉంది.

"బాబూ, ఒక్క చిన్న కోటు. పిల్లల కోటు. ఆ కార్డు కొట్టేయండి, మీకు పుణ్యముంటుంది."

అవతల కాగితం తిప్పిన చప్పుడు.

"కోటా? నాలుగు వందలవదే కదమ్మా? ఇక్కడ కోటని లేదే." ఆయన చదివాడు, నిదానంగా, ఒక్కో గడీ వేలు పెట్టి చదువుతున్నట్టు. "ఎత్తు నూట పన్నెండు సెంటీమీటర్లు. ఎడమ మోకాలి మీద పాత గాయం మచ్చ. పై పళ్ళలో ఒకటి లేదు. నవ్వుతుంది..."

ఆమె వంగి బల్ల కిందకి చూసింది.

"ఫోటో కూడా పంపారుగా," అన్నాడు గుమాస్తా. "చాలా బాగా వచ్చింది."

తను రాయలేదని, ఫోటో పంపలేదని ఆమె చెప్పింది. దస్తూరి మీదేనమ్మా, సంతకమూ మీదే అన్నాడాయన. ఆ తర్వాత లైన్లో ఏదో నీళ్ళ చప్పుడు లాంటిది వచ్చి, పోయింది.

*

లోపలినుంచి గడియ వేసింది. బల్లని లాగి తలుపుకి అడ్డం పెట్టింది. పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, గోడకి వీపు ఆనించి కూర్చుంది. గోడ చెమ్మ జాకెట్టులోంచి ఎముకల్లోకి దిగుతోంది. మోకాలి మీద మచ్చ కనబడకుండా గౌను కిందకి లాగింది. అలా లాగితే ఏమవుతుందో ఆమెకే తెలియదు.

బయట గంట ఆగిపోయింది.

లోపల ఎక్కడో బొట్టు పడుతోంది. కప్పు కారడం లేదు. వాన లేదు. అయినా... టప్. చాలాసేపు ఏమీ లేదు. మళ్ళీ... టప్. ఆరో అలమర దగ్గర.

"అమ్మా," అంది గువ్వ చెవిలో. "అక్కడ చోటుంది."

వేలు పెట్టి చూపించింది. ఆరో అలమరలో అన్నిటికంటే కింది అర. దాన్నిండా లాంతర్లు ఉండాలి. పదకొండు లాంతర్లు. నిన్న సాయంత్రం కూడా ఉన్నాయి. ఇప్పుడు అవి ఒక పక్కకి ఒద్దికగా జరిగి ఉన్నాయి. అర ఖాళీగా ఉంది. దుమ్ము లేదు. తడిగుడ్డతో తుడిచిన చారలు ఇంకా ఆరలేదు.

"అటు చూడకు."

"చూడట్లేదు. అది చూస్తోంది."

ఆమె పిల్ల కళ్ళు మూసింది. ఇంకో చేత్తో నడుము చుట్టూ పట్టుకుంది. పిల్ల గింజుకోలేదు. భయపడినట్టూ లేదు. కొంచెం కొంచెంగా... ఒళ్ళోంచి జరుగుతోంది. నిద్రలో మంచం అంచుకి జరిగినట్టు. ఆమె వెనక్కి లాక్కుంది. మళ్ళీ జరిగింది. లాక్కుంది. ఎంతసేపో తెలియదు. చేతులు మొద్దుబారాయి. వేళ్ళు విడిపోకుండా కొంగు పిల్ల నడుముకి చుట్టి ముడి వేసింది. ఒకటి. రెండు. మూడు ముళ్ళు.

టప్.

అప్పుడు పడవ కూత వినబడింది.

*

రెండు గంటలకి మంచు విడిపోయింది. విడిపోయిందనడం కంటే, ఎవరో దుప్పటి లాగేసినట్టు పోయింది. ఎండ. తలుపు మీద మర్యాదగా మూడు దెబ్బలు. మనుషుల గొంతులు విని ఆమె బల్ల జరిపి తలుపు తీసింది.

తనిఖీ అధికారి నెమ్మదైన మనిషి. తెల్లటి చేతి తొడుగులు, చంకలో అట్ట. వెనక సంఘం సభ్యులు నలుగురు. తలుపుకి బల్ల ఎందుకు అడ్డం పెట్టారని కూడా ఆయన అడగలేదు. పది పదిహేను తీసి చూసి టీ తాగి పోలేదు. ఒకటో సంఖ్య నుంచి మొదలుపెట్టాడు. ఒక్కో వస్తువునీ రెండు చేతులతో ఎత్తి, అడుగు తిప్పి సంఖ్య చూసి, కార్డుతో పోల్చి, గుర్తు పెట్టి, ఎక్కడిదక్కడ పెట్టాడు. అయిదు గంటలవుతుండగా కర్ర దగ్గరికి వచ్చాడు. తర్వాత డబ్బా. తర్వాత వెనక్కి తిరిగి, గువ్వ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"ఇది నా కూతురండీ," అంది ఆమె.

"తెలుసమ్మా. కార్డులో చక్కగా రాశారు."

పిల్ల ఎడమ కాలి బూటు విప్పాడు. మేజోడు తీశాడు. గాజు సామాను పట్టుకున్నంత సుతారంగా మడమ ఎత్తి, అరికాలు చూశాడు. అక్కడ సన్నటి నల్లటి అంకెలు, పైన మెరిసే వార్నిషు. ఆయన తల ఊపి గుర్తు పెట్టుకున్నాడు. సభ్యులు చప్పట్లు కొట్టారు. పంతులు ఉండి ఉంటే ఎంత సంతోషించేవాడో అని ఒకాయన కళ్ళు తుడుచుకున్నాడు.

అధికారి తాపీగా, రోజూ చెప్పే మాటల్లాగే మిగతాది చెప్పాడు. మ్యూజియానికి గుర్తింపు ఖాయం. నాలుగు వందలవది అవతలి ఒడ్డు ప్రదర్శనకి ఎంపికైంది, రేపు పొద్దున పోటులో తీసుకెళ్తారు. ఎంతకాలానికి అన్నది పైవాళ్ళు చెప్తారు. "మామూలుగా అయితే సొంతదారు ఒప్పుకోవాలి. ఇక్కడ ఆ ఇబ్బంది లేదు."

"నేనున్నానండీ. నేను తల్లిని."

ఆయన ఆమె వంక జాలిగా చూశాడు. కార్డు తిప్పి ఆ గడి చూపించాడు. ఆమె దస్తూరి. బావ సంతకం.

ఆమె పిల్లని ఎత్తుకుని రేవుకి పరిగెత్తింది. పడవ నడిపే సరంగు చిన్నప్పటి నుంచి ఎరిగినవాడు. అన్నా, ఎక్కడికైనా సరే దింపెయ్ అంది. జాబితాలో ఉన్నదాన్ని కాగితం లేకుండా ఎక్కించుకోకూడదని అతను పడవ తాడు వంక చూస్తూ చెప్పాడు. నాలుగు ఇళ్ళ తలుపులు తట్టింది. ఎవరూ కసురుకోలేదు. అందరూ కూర్చోబెట్టారు, మంచినీళ్ళిచ్చారు. పిల్ల పాదం చూసి, ఎంత శ్రద్ధగా రాశావమ్మా అన్నారు. మ్యూజియం నిలబడింది కదా, అదే పదివేలు అన్నారు.

ఆఖరికి అక్క ఇంటికి వెళ్ళింది. అక్క పొద్దున నిలబడిన గుమ్మంలోనే నిలబడి ఉంది. కార్డుల సంగతి మొదటిసారి పూర్తిగా అక్కకి చెప్పింది. అక్క అంతా విని, చెల్లెలి మొహంలోకి చూడకుండా అంది:

"నా మొగుడు లేడని రాసింది నువ్వా."

తలుపు మూసుకుంది.

*

ఇంటికి వచ్చి స్పిరిటుతో, ఉప్పుతో, గాజు కాగితంతో అరికాలు రుద్దింది. చర్మం ఎర్రబడింది. అంకె చెక్కుచెదరలేదు. గువ్వ ఏడవలేదు. అన్నం పెడితే తింది. ఎక్కాలు అప్పజెప్పింది, ఏడో ఎక్కంలో ఎప్పుడూ తప్పే చోటే తప్పింది. ఆ తప్పు విని తల్లికి ప్రాణం లేచొచ్చింది. నా పిల్లే, నా పిల్లే అనుకుంది. లోపలి గదిలో మంచం మీద పడుకోబెట్టి, నిద్రపట్టేదాకా పక్కనే ఉంది. కిటికీలన్నిటికీ మేకులు కొట్టింది. అప్పటికి పొద్దు గూకింది.

వీధి తలుపు అవతల ఏదో బరువైనది దింపిన చప్పుడైంది. అడుగులు వెళ్ళిపోయాయి.

చాలాసేపు ఆగి, తలుపు కొంచెం తీసింది. గుమ్మానికి ఆనించి ఒక పెట్టె. కొత్త చెక్క, మంచి పనితనం. మూత మీద ఆఫీసు చీటీ, 'ఇవాళ్టి పడవలో వచ్చింది' అని సరంగు రాత. అంటే తనిఖీ మొదలవకముందే వచ్చింది. మేకులు ఇంకా కొట్టలేదు. అలవాటుగా ఆమె కన్ను పొడవు అంచనా వేసింది. నూట ఇరవై ఉంటుంది. అటూ ఇటూ రెండేసి వేళ్ళు దూది పట్టాలి కదా.

మూత జరిపింది.

లోపల తెల్లటి దూది, అంచుల దాకా. మధ్యలో దూది నొక్కుకుపోయి ఉంది. ఒక పక్కకి తిరిగి, మోకాళ్ళు ముడుచుకుని, ఒక చెయ్యి చెంప కింద పెట్టుకుని పడుకున్నంత గుంట. గువ్వ పడుకునేది అలాగే.

చెయ్యి పెట్టి చూసింది. దూది వెచ్చగా ఉంది.

లోపలి గది వైపు తిరిగి చూడటానికి మెడ తిరగలేదు. పెట్టె మీద వంగినదల్లా వంగినట్టే ఉండి, మెల్లగా పిలిచింది.

"గువ్వా..."

"ఊఁ," అని పలికింది పిల్ల. చాలా దగ్గర్నుంచి.